నాంపల్లిలో ఆఫ్రికా రారాజు

అత్తగారి మోకాళ్ళకు కట్టడానికి జిల్లేడాకులు తేవడం కామాక్షికి నాలుగేళ్ళుగా పొద్దుటి పని. ఆరు కాకముందే చేతిసంచీ పట్టుకుని నాంపల్లి స్టేషను వెనక రైల్వే గోడ దాకా నడిచేది. గోడ పొడుగునా మొలిచిన పొదల్లోంచి మరీ లేతవీ మరీ ముదురువీ కాని ఆకులు ఎనిమిది తుంచుకుని, ఆ పాలు కంట్లో పడకుండా చేతులు దూరంగా పెట్టుకుని తిరిగి వచ్చేది. కుళాయి వచ్చే వేళకు ఇంట్లో ఉండాలి. ఆ తర్వాత ఆకులకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి, జానకమ్మగారి రెండు మోకాళ్ళ మీదా పరిచి పాత పంచె పేలికతో కట్టేది. "మెల్లిగానే తల్లీ" అని ఆవిడ రోజూ అనేది. కామాక్షి రోజూ మెల్లిగానే కట్టేది.

కామాక్షి భర్త వరప్రసాద్ కాలేజీలో జువాలజీ లెక్చరరు. రాష్ట్రం ఏర్పడ్డ ఏడాది గుంటూరు నుంచి ఈ ఊరు వచ్చాడు. పదిహేనేళ్ళూ నాంపల్లిలోనే, ఆ రెండు గదుల వాటాలోనే గడిచాయి. ఇంటర్మీడియట్ చదువు తెలుగులోకి వచ్చాక పుస్తకాలు రాసేవాళ్ళ కోసం వెతుకులాట మొదలైంది. అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో పుస్తకాలు అచ్చువేసే శ్రీరామమూర్తి ఆయన్ను పట్టుకున్నాడు. మొదటి పుస్తకం ప్రయోగాల మాన్యువల్. దాన్లో నలభై రెండు బొమ్మలు. నలభై రెండూ కామాక్షి గీసినవే. పెళ్ళికి ముందు ఆమె డ్రాయింగ్ పరీక్షలు లోయరు, హయ్యరు రెండూ ప్యాసయింది. వరప్రసాద్ గీస్తే కప్పకీ వంకాయకీ తేడా తెలియదు.

అచ్చు కోసం బ్లాకు చేసే బొమ్మకు రంగు పులమకూడదు. నల్ల ఇంకుతో సన్నటి గీతలు గీసి, నీడ పడాల్సిన చోట చుక్కలు పెట్టాలి. ఒక్క కప్ప గుండెకు ఎన్ని వేల చుక్కలు పెట్టిందో ఆమె లెక్కపెట్టలేదు. మధ్యాహ్నం అంట్లు తోమి, పప్పు ఏరి పెట్టుకున్నాక కిటికీ పక్కన కూర్చుంటే, లేచేసరికి మెడ రాయిలా బిగుసుకుపోయేది. పుస్తకం వచ్చాక ముందుమాట చదివింది. బ్లాకులు చేసినవారికీ, అచ్చువేసినవారికీ, కాగితం సమకూర్చినవారికీ కృతజ్ఞతలు చెప్పి, ఆఖర్న "రచనకు కావలసిన ప్రశాంతతను ఇంట కల్పించిన నా అర్ధాంగికి" అని ఉంది.

"నేను గీసినట్టు ఎక్కడా లేదేమండీ?" అని అడిగింది ఆ రోజు, పుస్తకం మూసి.

"అవన్నీ వేరే పుస్తకాల్లోంచి దించినవి కదా కామాక్షీ. శ్రీరామమూర్తిగారి నియమం అది. దించిన బొమ్మకి ఏ పుస్తకంలోంచి దించామో ఆ పేరు వేస్తారు. కళ్ళతో చూసి గీసిందైతే గీసినవాళ్ళ పేరు వేస్తారు."

"కప్ప గుండెకాయ నాకెవరు చూపిస్తారు?"

"అదీ నిజమే" అని నవ్వి, ఆయన స్నానానికి లేచాడు.

ఇప్పుడు చెప్పబోయేది డెబ్బై ఒకటిలో, రెండో పుస్తకం రాస్తున్నప్పటి మాట. అందులో సీతాకోకచిలుక జీవిత చరిత్ర ఒక పాఠం. వరప్రసాద్ ఒక ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద ఒక పాత పుస్తకం కొనుక్కొచ్చాడు. ఆఫ్రికాలో ఎక్కడో బడిపిల్లల కోసం అచ్చువేసిన ప్రకృతి పాఠాల పుస్తకం అది. ఇంగ్లీషు తేలిగ్గా ఉంది, పాఠం వరసగా ఉంది. ఆ పాఠాన్ని మొదటి వాక్యం నుంచి ఆఖరి వాక్యం దాకా తెలుగు చేసేశాడు. దాన్లో సీతాకోకచిలుకను ఇంగ్లీషులో ఆఫ్రికా మహారాజు అన్నట్టు పిలిచారు. ఆయన చాలాసేపు ఆలోచించి "ఆఫ్రికా రారాజు" అని పేరు పెట్టి, రెండుసార్లు పైకి అనుకుని, తృప్తిగా కాఫీ అడిగాడు. "ఇది ఆఫ్రికా ఖండములో నివసించును. దీని డింభకము పాలుగల మొక్కల ఆకులను తినును" అని పాఠం మొదలు.

బొమ్మల పేజీ కామాక్షి చేతికొచ్చింది. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక, నాలుగూ నలుపూ తెలుపుల్లో ఉన్నాయి. పురుగు ఒంటి చుట్టూ గాజులు తొడిగినట్టు పట్టీలు, వీపు మీద మూడు చోట్ల జంటలు జంటలుగా నల్లటి మెత్తని కొమ్ములు. మధ్యాహ్నమంతా దాన్ని పెన్సిలుతో దించింది. మర్నాడు పొద్దున రైల్వే గోడ దగ్గర ఆకు తుంచబోతే, ఆకు అడుగున అదే పురుగు. తెలుపూ నలుపూ పట్టీలు, మధ్యలో పసుప్పచ్చ మచ్చలు, మూడు జంటల కొమ్ములు. తీరిగ్గా ఆకు అంచు కొరుక్కుంటోంది.

పక్కన బర్రెలకు గడ్డి కోస్తున్న యాదవ్వ ఆమెను చూస్తూ కొడవలి ఆపింది. రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళే.

"ఏందమ్మా, ఆకులు కోస్తున్నవా, ఆకులతోని మాట్లాడుతున్నవా?"

"ఈ పురుగు నీకు తెలుసా యాదవ్వా?"

"తెల్వకేంది? గీ చెట్లకు ఎప్పటికీ ఉంటయి. మా బర్రె సుత జిల్లేడు ముట్టదు, ఇవి జూడు ఎట్ల మేస్తున్నయో. ముట్టుకోకు, పాలు అంటితే కండ్లు పోతయి."

కామాక్షి ఆకుతో సహా పురుగును సంచీలో పెట్టుకుంది. ఇంకో నాలుగాకులు తిరగేస్తే ఒకదాని అడుగున నువ్వుగింజలో సగం ఉన్న తెల్లటి గుడ్డు కూడా దొరికింది.

వరప్రసాద్ కళ్ళజోడు పెట్టుకుని పురుగునూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన క్లాసులో కప్పల్నీ బొద్దింకల్నీ కోసి చూపించే మనిషి. పాతికేళ్ళ నుంచీ జంతువుల గురించి చెబుతున్నా, ప్రాణంతో ఉన్నవాటిని అంత దగ్గరగా చూడాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

"పోలిక ఉంది. పోలిక ఉన్నంత మాత్రాన అదే అనడానికి లేదు. అది ఆఫ్రికాది."

"ఇది నాంపల్లిది. కానీ కొమ్ముల లెక్క కూడా సరిపోయింది."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నెలాఖరు శనివారం బొమ్మలు బ్లాకులకు ఇవ్వాలి. పెంచి చూడు. నాలుగు దశలూ కళ్ళతో చూసి గియ్యి. రెక్కలొచ్చాక పుస్తకంలో దాంతో సరిపోతే నీ పేరు వెయ్యమని నేనే చెప్తాను. సరిపోకపోతే మాత్రం పుస్తకంలోదే దించాలి."

ఇంటిపని ఎక్కడా తగ్గలేదు, ఇదొకటి వచ్చి చేరింది. గుడ్డు మూడో రోజున పగిలింది. అందులోంచి వచ్చిన దారం ముక్కంత పురుగు ముందు గుడ్డు పెంకునే తినేసింది. కామాక్షి కూర తరుగుతూ మధ్యలో లేచి వెళ్ళి భూతద్దంతో చూసి, చెయ్యి తుడుచుకుని గీసుకుని, మళ్ళీ వచ్చి తరిగింది. బొమ్మ అయ్యాక ఆ చిన్నదాన్ని తిరిగి గోడ దగ్గరి పొద మీదే వదిలేసింది. పెద్ద పురుగు హార్లిక్స్ సీసాలో ఉంది. మూతికి గుడ్డ కట్టింది. రోజుకు మూడాకులు తినేది. అది చర్మం విడిచిన రోజు చారు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"వంటింట్లో పురుగుల పెంపకం ఏమిటే అమ్మాయ్?" అంది జానకమ్మ మంచం మీంచి.

"మీ అబ్బాయి పుస్తకం కోసమే అత్తయ్యా."

"వాడి పుస్తకమైతే వాణ్ణి పెంచుకోమను. నీకు పని తక్కువైందా?" అని, మెడ చాచి, "ఏదీ, ఇలా పట్టుకురా, చూద్దాం" అంది.

చూసింది. ఆ రోజు నుంచి సీసా ఆవిడ మంచం పక్క కిటికీలోకి మారింది. పురుగు తిన్నదీ తిననిదీ కామాక్షి కంటే ఆవిడకే బాగా తెలిసేది. "ఇవాళ సరిగ్గా తినలేదే. ఒంట్లో బాగాలేదేమో" అనేది. ఆ సాయంత్రమే పురుగు ఒక ఆకు ఈనెకు తోక అతికించుకుని తలకిందులుగా వేలాడింది. మర్నాడు పొద్దునకు చర్మం జారిపోయి, చిటికెనవేలి గోరంత లేతాకుపచ్చ కాయ మిగిలింది. దాని మీద వరసగా బంగారు చుక్కలు. నగిషీ చేసిన జుంకాలా ఉంది. కామాక్షి దాన్ని రెండు రోజులు గీసింది. బంగారపు చుక్కను నల్ల ఇంకుతో ఎలా చూపించాలో తోచక మూడు కాగితాలు పాడుచేసింది. గుడ్డు, పురుగు, ప్యూపా బొమ్మలు మూడూ పూర్తయ్యాయి. నాలుగోది రావాలి. నెలాఖరు శనివారానికి ఇంకా ఎనిమిది రోజులుంది.

కాయ కట్టిన ఎనిమిదో రోజు గురువారం. కాయ నల్లబడింది. లోపల మడతపెట్టిన నారింజరంగు రెక్క పైకి కనిపిస్తోంది. ఆ సాయంత్రం కామాక్షి రేషను షాపు దగ్గర వరసలో రెండు గంటలు నిలబడాల్సి వచ్చింది. పంచదార ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. వచ్చేసరికి జానకమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. సీసా నిండా జిల్లేడాకులు కుక్కి ఉన్నాయి.

"ఇదేమిటి అత్తయ్యా?"

"అదేమిటే, ఆకు ఎండిపోయింది, అదీ నల్లగా అయిపోయింది. ఎనిమిది రోజుల్నుంచి దానికి తిండి లేదు. లోపల కదిలింది, నేను చూశాను. ఆకలికి కొట్టుకుంటోందనుకున్నా. నువ్వు నా మోకాళ్ళకి తెచ్చిన ఆకుల్లోంచి నాలుగు వేశాను."

కామాక్షి ఒక్కొక్క ఆకూ బయటికి లాగింది. అడుగున సీతాకోకచిలుక ఉంది. బయటికి వచ్చి చాలాసేపే అయింది. రెక్కలు చాపుకోవడానికి చోటు లేక ఆకుల మధ్య నలిగి, ఆ ముడతల్లోనే ఆరిపోయాయి. అవి విచ్చుకుంటాయేమోనని దాన్ని కిటికీ ఊచకు పట్టించి వేలాడదీసింది. నడిచింది గానీ రెక్కలు తెరవలేదు. తడి బట్ట పిండి ఆరేయకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉండిపోయాయి.

"చచ్చిపోతుందా?" అంది జానకమ్మ.

"ఎగరదు అత్తయ్యా."

ఆవిడ ఆ పూట ఆకలి లేదని పడుకుంది.

వరప్రసాద్ కాలేజీ నుంచి వచ్చి చూశాడు. "అయ్యో" అన్నాడు. చెప్పులు విప్పుకుంటూ, "దానికేముంది, రెక్కలు పుస్తకంలోంచి వేసెయ్. మూడు దశలు నువ్వు చూసే గీశావుగా. నీ పేరే వేయిద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

కామాక్షికి ఆ మాట బాగానే వినిపించింది. అంత అలసటలో ఇంకో మాట వినాలనిపించలేదు కూడా. కాగితం బల్ల మీద పరిచి, పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక రెక్క గీత గీసింది. పుస్తకంలో కింది రెక్క మధ్యలో నల్లచుక్కలు మూడు. కిటికీ ఊచ మీది దాన్ని భూతద్దంతో చూస్తే, ఆ ముడతల్లో నాలుగో మచ్చ ఒకటి కనిపించింది. మళ్ళీ మళ్ళీ చూసింది. నాలుగే. వరప్రసాద్‌ను పిలిచి చూపించింది.

"చూశావా, నేను ముందే అన్నాను. ఇది వేరే జాతి. గొడవ వదిలింది. పుస్తకంలోదే దించెయ్యి" అన్నాడు. ఆయన గొంతులో కొంచెం తేలికదనం కూడా ఉంది.

మూడు చుక్కలు పెడితే తను చూసింది కాదు. నాలుగు పెడితే పుస్తకంలో పాఠంతో పొసగదు. ఎటూ పేరు వెయ్యడానికి వీల్లేదు. కామాక్షి కలం కడిగి పెట్టేసింది.

శుక్రవారం పొద్దున ఆకులకు వెళ్ళినప్పుడు ఇంకో కాయ దొరుకుతుందేమోనని పొదలన్నీ వంచి చూసింది. దొరికినా ప్రయోజనం లేదు, రేపే శనివారం. యాదవ్వ గడ్డి మోపు కడుతూ అంది:

"ఏం ఎతుకుతున్నవమ్మా గట్ల? పుస్తె గిట్ల పడిపోయిందా?"

"పుస్తె కాదు. నీకు చెప్పానే, ఆ పురుగు. అది సీతాకోకచిలుకయ్యాక ఎలా ఉంటుందో చూడాలి."

యాదవ్వ నవ్వింది. "గంతేనా? గీ పొద్దుగాల యాడుంటయి? మంచు ఆరాలె, ఎండ పడాలె. పదకొండు కొట్టినంక రా, గీ పూల మీద గవే. దులుపుకుందామన్నా పోవు."

"పదకొండుకా?"

"ఔ. నువ్వు ఒక్కనాడన్నా గప్పుడు వచ్చినవా?"

రాలేదు. పదిహేనేళ్ళుగా పదకొండింటికి ఆమె ఎక్కడుంటుందో చెప్పడం కష్టం కాదు. మొగుణ్ణి కాలేజీకి పంపి, మడి కట్టుకుని రెండోసారి పొయ్యి రాజేసి, సరిగ్గా పదకొండింటికి అత్తగారికి విస్తరి వేస్తుంది. ఆవిడకు కడుపులో పుండు. వేళ తప్పితే నొప్పి మొదలవుతుంది. నారింజరంగు రెక్కలు దారిలో ఎప్పుడో ఎదురయ్యే ఉంటాయి గానీ, ఆగి చూసే తీరిక ఉన్న వేళ ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చి వంట త్వరగా ముగించింది. పదింబావుకి జానకమ్మ దగ్గర నిలబడి విషయం చెప్పింది.

"ఇప్పుడే వడ్డించేస్తాను, తినేస్తారా?"

"మడి కట్టుకోలేదు, జపం కాలేదు, ఇప్పుడెలా తింటానే?"

"పోనీ లెండి అయితే" అని కామాక్షి వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్, ఎక్కడికే? వెళ్ళు. గిన్నెలు కింద పెట్టి వెళ్ళు. నేనే వడ్డించుకుంటాను."

"లేవలేరు కదా."

"లేచి చూసి ఎన్నేళ్ళయిందో! గోడ పట్టుకుంటాను. పడితే అరుస్తాను, పక్కవాటా వాళ్ళున్నారు. ఊఁ, వెళ్ళు."

కామాక్షి అట్టా, కాగితాలూ, రెండు పెన్సిళ్ళూ తీసుకుని ఎండలోకి వచ్చింది. గోడ దగ్గరకు వచ్చేసరికి చెమటకు ఆమె జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. యాదవ్వ అబద్ధం చెప్పలేదు. జిల్లేడు పూల మీద, గడ్డి మీద, గోడ మీద నారింజరంగు రెక్కలు నిదానంగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. అంచులు నలుపు, పై కొనల్లో తెల్లచుక్కల వరస. పిట్టల భయం ఉన్నట్టే లేదు. ఎంత దగ్గరకు వెళ్ళినా తొందరపడి లేవలేదు. ఒక కొమ్మ మీద రెండు ఒకదానికొకటి తోకలతో అతుక్కుని ఉన్నాయి. ఆమె ఒక రాయి చూసుకుని కూర్చుంది. ఒకదాని కింది రెక్కలో మూడు మచ్చలు. రెండోదాని రెక్కలో నాలుగు. జత కట్టిన రెండూ ఒకటే జాతి కాక మరేమిటి? ఒకటి ఆడది, ఒకటి మగది. ఏది ఏదో తేలాలి.

ఆమె రెండింటినీ గీసింది. ఎండ నడినెత్తికి వచ్చింది. దారినపోయేవాళ్ళు ఆగి చూసి పోయారు. "ఏంది, పురుగుల పెండ్లికి ఫొటోలా?" అంది యాదవ్వ, తలమీది గుడ్డ తీసి ఆమె వైపు విసిరి. "జర నెత్తి మీద ఏసుకో అమ్మా. పడిపోతవు." ఆ జంట విడిపోయాక మూడు మచ్చలది ఒక లేతాకు అంచున వాలి, పొట్ట కిందికి వంచి, ఆకు అడుగున ఒక్క గుడ్డు పెట్టి లేచింది. అదీ గీసింది. అంటే పుస్తకంలో బొమ్మ ఆడది, సీసాలో నలిగిపోయింది మగది. కామాక్షి లేచేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి.

ఇంట్లో జానకమ్మ గోడకు ఆనుకుని వంటింటి గడపలో కూర్చుని ఉంది. తిన్నది గానీ మళ్ళీ మంచం దాకా వెళ్ళలేకపోయింది. ఇద్దరూ కలిసి మెల్లిగా లేచారు. ఆ మధ్యాహ్నం, మర్నాడు పొద్దున కామాక్షి బొమ్మకు ఇంకు వేసింది.

వరప్రసాద్ బొమ్మ చూసి, అచ్చుకు ఇచ్చిన పాఠం ప్రతి తీసి బల్లమీద పెట్టుకున్నాడు. "పైన ఆఫ్రికా అని, కింద నాంపల్లి అని ఉంటే పిల్లలు నన్ను చూసి నవ్వుతారు" అన్నాడు.

"నవ్వరు. వెళ్ళి చూస్తారు."

"కంపోజింగ్ అయిపోయింది కామాక్షీ."

"మీరు మాటిచ్చారు" అంది. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. ఆ ఓపిక లేకపోవడమే ఆయనకు కష్టంగా తోచిందేమో, కలం తీసి మొదటి వాక్యం కొట్టేసి, ఇది ఆఫ్రికాలోనే గాక మన దేశంలో కూడా జిల్లేడు మొక్కలపై కనిపిస్తుందని రాశాడు. బొమ్మ కింద చూసి గీసినవారి పేరు వెయ్యమని వేరే చీటీ పెట్టి, శనివారం సాయంత్రం తనే అబిడ్స్‌కు తీసుకువెళ్ళాడు.

రెండు వారాల తర్వాత ప్రూఫులు ఇంటికి వచ్చాయి, బొమ్మల పేజీలు తప్ప. వరప్రసాద్‌కు కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. దిద్దిన కాగితాలు ఇచ్చి రమ్మని కామాక్షిని పంపాడు. ఆమె నడిచే వెళ్ళింది. ప్రెస్సులో శ్రీరామమూర్తి కుర్చీ చూపించి, కాగితాలు తీసుకుని, "మంచి సమయానికి వచ్చారమ్మా, మీ బొమ్మ ప్రూఫు ఇప్పుడే లాగారు" అని తడి ఆరని కాగితం అందించాడు.

గుడ్డు, పురుగు, కాయ, జంట. చుక్కలు ఎక్కడా పూడిపోలేదు, బంగారపు చుక్క దగ్గర వదిలిన తెలుపు కూడా నిలిచింది. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో: "ప్రకృతి నుండి చిత్రించినవారు: శ్రీమతి వరప్రసాద్, నాంపల్లి."

కామాక్షి ఆ వరస రెండుసార్లు చదివింది.

"ఇలా రాసి ఇచ్చింది ఆయనేనా?"

"సార్ 'మా ఆవిడ' అనే రాశారమ్మా చీటీలో. మర్యాదగా ఉంటుందని మేమే ఇలా పెట్టాం."

"ఆయన గీయలేదు. నేను గీశాను. నా పేరు కామాక్షి."

"అంటే... ఆడవారి పేరు అలా విడిగా వేస్తే, సార్ ఏమైనా అనుకుంటారేమోనని."

ఆమె బల్ల మీది ఎర్ర పెన్సిలు తీసుకుంది. శ్రీమతి వరప్రసాద్ మీద గీత కొట్టి, పక్కన తన పేరు గుండ్రంగా రాసి కాగితం వెనక్కి ఇచ్చింది.

శ్రీరామమూర్తి కాగితాన్నీ ఆమెనూ చూసి, లోపలికి కేక వేసి కంపోజిటరుకు ఇచ్చాడు. "రేపు కొత్త ప్రూఫు సార్‌కి పంపిస్తాలెండి. మీరు వెళ్ళండమ్మా."

"ఎంతసేపు పడుతుంది?"

"చేతిలో ఉన్న పని దించి చెయ్యాలి. అరగంట, ముప్పావుగంట."

"అయితే కూర్చుంటాను" అంది కామాక్షి. లోపల మెషిను చప్పుడుకు గోడలు అదురుతున్నాయి. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చెప్పుల్లోంచి కాళ్ళు బయటికి తీసి చల్లటి బండ మీద ఆనించింది.